నలభై ఎనిమిది గడులు

ఓడ కదలాలంటే నూనె కావాలనుకుంటారు అందరూ. నూనె సంగతి తర్వాత, ముందు కాగితం కావాలి. ఓడలో ఎంతమంది ఉండాలి, వాళ్ళలో ఎవరు ఏ పరీక్ష పాసై ఉండాలి, ఎవరి సర్టిఫికెట్టు ఏ తేదీ దాకా చెల్లుతుంది, ఎవరి కళ్ళూ చెవులూ గుండే బాగున్నాయని డాక్టరు సంతకం పెట్టాడు, ఇవన్నీ సరిగ్గా ఉంటేనే రేవు అధికారి ఓడని కదలనిస్తాడు. ఓడలకి మనుషుల్ని పంపే ఆఫీసులో ఆ కాగితాలు చూసేదాన్ని నేను. ఇరవై రెండేళ్ళు చూశాను. ఓడ ఎక్కింది మాత్రం ఒక్కసారే. అదీ రేవులో కట్టేసి ఉన్నప్పుడు, ఒక అరగంట. దిగేటప్పుడు నిచ్చెన మీద కళ్ళు తిరిగి నేను చేసిన హంగామా మా ఆఫీసులో చాన్నాళ్ళు చెప్పుకుని నవ్వారు.

కాగితాల్లో మాత్రం నాకు తిరుగులేదు. "ఈవిడ తలుచుకుంటే అడుగు లేని ఓడనైనా కదిలిస్తుంది" అనేవారు మా మేనేజరు గారు పదిమంది ముందూ. పైకి "చాల్లెండి సార్" అంటూ లోపల పొంగిపోయేదాన్ని. ఇప్పుడా పొగడ్త తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా ఆఫీసు మెట్లు దిగగానే కళ్ళజోళ్ళ షాపు. అందులో కళ్ళు పరీక్ష చేసేది మా చెల్లి. ఎర్ర దీపానికీ పచ్చ దీపానికీ తేడా తెలియనివాణ్ణి ఓడ నడపనివ్వరు. అందుకని మా దగ్గరికి వచ్చే కొత్తవాళ్ళందర్నీ కిందికి పంపేదాన్ని. వాళ్ళలో ఒకతను, పొడుగ్గా, సన్నగా, చొక్కాకి మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టుకునే రకం, పరీక్ష పాసైన వారానికి మళ్ళీ వచ్చాడు. కళ్ళు మసగ్గా ఉన్నాయన్నాడు. చెల్లి చూసింది. గద్ద కళ్ళు. ఇంకో వారానికి వచ్చి మళ్ళీ మసకన్నాడు. మూడోసారి చెల్లే అడిగేసింది, "మసక కళ్ళకా, బుద్ధికా?" అని. ఆర్నెల్లలో పెళ్ళయింది. అలా అతను నాకు మరిది అయ్యాడు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

ఓడ మీద పనిచేసే ప్రతి మనిషికీ నెలకొక విశ్రాంతి పట్టిక ఉంటుంది. రోజుకొక వరస. వరసకి నలభై ఎనిమిది గడులు, గడికి అరగంట. పనిచేసిన గడి నల్లగా నింపాలి, విశ్రాంతి గడి ఖాళీగా వదిలెయ్యాలి. రోజుకి ఖాళీ గడులు ఇరవైకి తగ్గకూడదు, అంటే పది గంటలు. అందులో ఆరు గంటలు ఏకబిగిన ఉండాలి. అది చట్టం. మంచి చట్టమే. నిద్ర లేనివాడి చేతిలో ఓడ పెట్టొద్దని చేసింది.

కానీ ఏ రోజుకారోజు నిజం రాస్తే చాలాసార్లు ఇరవై గడులు మిగలవు. రేవులో సరుకు దించే రోజైతే అసలే మిగలవు. ఒకసారి ఇలా నిజం రాసిన పట్టిక చూసి అధికారులు మా ఓడనొకదాన్ని మూడు రోజులు ఆపేశారు. అప్పుడు నేను తెలివి చూపించాను. ఒక నమూనా పట్టిక తయారుచేసి, ఇలా నింపండని అన్ని ఓడలకీ పంపాను. ముప్పై వరసలూ ముచ్చటగా, అచ్చేసినట్టు. అది చేతికొచ్చాక జనం ఒకటో తారీఖునే కూర్చుని నెలంతా నింపేసేవాళ్ళు. కెప్టెన్లు కూడా ఆ రోజే సంతకాలు గీకేసి ఒక పని వదిలించుకునేవాళ్ళు. మా ఆఫీసులో ఇది అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఆ తర్వాత విశ్రాంతి పట్టిక వల్ల మా ఓడ ఒక్కటీ ఆగలేదు.

మరిది మొదటిసారి మేటుగా, అంటే కెప్టెను కింద ఓడ నడిపే అధికారిగా, ఎక్కబోయే ముందు మా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నేనే నేర్పించాను.

"అదేంటి వదినా, ఇంకా పడుకోని నిద్రని ముందే రాసెయ్యడమేంటి?" అన్నాడు.

"అందరూ రాస్తారు. నువ్వొక్కడివే సత్యహరిశ్చంద్రుడివా?"

"ఆ రోజు పని ఎక్కువైతే?"

"పని ఎక్కువైన రోజు రాయడానికి టైమెక్కడుంటుంది? అందుకే ముందే రాసుకోమనేది. నీ కాపీ మాత్రం నీ దగ్గర పెట్టుకో. అది రూలు."

అతను కాసేపు పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాడు. తర్వాత నా నమూనా పక్కన పెట్టుకుని నింపడం మొదలెట్టాడు. గీత దాటి ఎక్కడా సిరా పోకుండా ఎంత శుభ్రంగా నింపాడంటే, చేత్తో చేసినట్టు లేదని మెచ్చుకున్నాను కూడా.

అతను ఆఖరిసారి ఎక్కింది చిన్న సరుకుల ఓడ. సెకండ్ మేటుగా ఎక్కాడు. ఆ ఓడ ఒడ్డు వెంబడే తిరుగుతూ ఒకటి రెండు రోజులకొక రేవు పట్టేది. దానికి కెప్టెను కాక కనీసం ఇద్దరు మేట్లు ఉండాలని ఓడ సిబ్బంది పత్రంలో రాసి ఉంది. ముగ్గురూ వంతులు వేసుకుంటే ఓడ నడపడం తలకి ఎనిమిది గంటలు. మిగతా పనులు దాని పైన.

నెలాఖర్లో ఆ ఓడ చీఫ్ మేటు, అంటే కెప్టెను తర్వాతి మనిషి, గుండెలో నొప్పి వచ్చి దిగిపోయాడు. అతని బదులు వెళ్ళాల్సినాయన మా దగ్గర సిద్ధంగానే ఉన్నాడు. సర్టిఫికెట్టు ఉంది, అనుభవం ఉంది. కానీ ఓడ ఏ దేశంలో నమోదైందో ఆ దేశం వాళ్ళు ఆ సర్టిఫికెట్టుని ఒప్పుకుంటున్నట్టు ఇంకో కాగితం ఇవ్వాలి. అది రాలేదు. ఆ కాగితం కోసం ఆయన రోజూ సూట్‌కేసుతో సహా వచ్చి మా ఆఫీసు బెంచీ మీద కూర్చునేవాడు. మేమాయనకి బెంచీ మేటని పేరు పెట్టాం.

సరుకు ఆగిపోతుందని మేనేజరు గారు కాలుగాలిన పిల్లిలా నా బల్ల చుట్టూ తిరిగారు. నేను ఆ దేశం వాళ్ళకే మినహాయింపుకి అర్జీ పెట్టాను. పదిహేను రోజుల పాటు ఒక మేటు తక్కువతో నడుపుతాం, ఉన్న సెకండ్ మేటే చీఫ్ మేటు పని కూడా చూసుకుంటాడు, అనుమతించండి అని. అలా అడిగినప్పుడు వాళ్ళు మొదట అడిగేది ఒకటే, ఉన్నవాళ్ళకి విశ్రాంతి సరిపోతుందా అని. నా దగ్గర జవాబు రెడీగా ఉంది. గడిచిన మూడు నెలల విశ్రాంతి పట్టికలు జతచేశాను. అవి చూస్తే మావాళ్ళంతా రోజుకి పది పదకొండు గంటలు కాళ్ళు బారజాపుకుని పడుకుంటున్నారు. రెండు రోజుల్లో మినహాయింపు వచ్చేసింది. మేనేజరు గారు అందరికీ టీలు తెప్పించారు.

ఆ రోజు నుంచి కెప్టెను ఆరు గంటలు, మరిది ఆరు గంటలు, మళ్ళీ కెప్టెను, మళ్ళీ మరిది. రేవు వస్తే సరుకు దించే పనంతా మరిదిదే. చీఫ్ మేటు రాసుకోవాల్సిన పుస్తకాలూ మరిదివే.

నాలుగో తారీఖున ఫోన్ చేశాడు.

"వదినా, మనిషినెప్పుడు పంపిస్తావు?"

"కాగితం రాగానే. నాలుగు రోజులు ఓపిక పట్టు. చీఫ్ మేటువయ్యావు కదా, మరి మిఠాయి ఏదీ?"

నవ్వాడు. పదో తారీఖున మళ్ళీ చేశాడు. "ఆ మనిషి సంగతి ఏమైంది వదినా?" అన్నాడు. ఆ గొంతులో నవ్వు లేదు. "వచ్చే రేవుకి పంపించేస్తా, నీ మీద ఒట్టు" అన్నాను. అవతల బెంచీ మీద ఆయన సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. పదిహేనో తారీఖున మినహాయింపుని ఇంకో పదిహేను రోజులు పొడిగించాను. మరిది మూడోసారి నాకు ఫోన్ చెయ్యలేదు. అలవాటు పడ్డాడులే అనుకున్నాను.

పంతొమ్మిదో తారీఖు పొద్దున పదకొండు గంటలకి కెప్టెను ఫోన్ చేశాడు. సరుకు దించడం అయిపోయాక ఓడ కడుపులోని సరుకు గది ఖాళీ అయిందో లేదో చూడ్డానికి మరిది దాని మూత అంచు మీదికి ఎక్కాడట. నడుముకి బెల్టు ఉంది. బెల్టు కొక్కేన్ని కమ్మీకి తగిలించలేదు. పదిన్నరకి లోపలికి పడిపోయాడు. నాలుగంతస్తుల లోతు. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

కిందికి దిగాను. మా మెట్లు ఇరవై ఒకటి. అన్నేళ్ళలో ఎన్నడూ లెక్కపెట్టలేదు, ఆ రోజు లెక్కపెట్టుకుంటూ దిగాను. చెల్లి ఎవరో ముసలాయనకి గోడ మీది అక్షరాలు చదివిస్తోంది. నన్ను చూడగానే "ఏమైందక్కా?" అంది. ముసలాయన ఒక కన్ను చేత్తో మూసుకుని అలాగే కూర్చున్నాడు. చెల్లి నా మొహం చూస్తూ చూస్తూ తనే అర్థం చేసుకుంది. చేతిలో ఉన్న పరీక్ష అద్దాన్ని తుడిచి డబ్బాలో పెట్టి, డబ్బా మూసి, అప్పుడు కింద కూలబడింది.

పది రోజుల తర్వాత ప్రాథమిక నివేదిక వచ్చింది. రెండు పేజీలు. ఆఖరి వాక్యం ఇది. "విశ్రాంతి పట్టిక ప్రకారం మృతుడు తగినంత విశ్రాంతి పొంది ఉన్నందున, ప్రమాదానికి కారణం మృతుడి సొంత అజాగ్రత్తగా భావించడమైనది." మూడు వారాల్లో విచారణ ఉంది. ఎవరూ కాదనకపోతే అదే ఖాయం.

చెల్లి ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"సొంత అజాగ్రత్తా?" అంది. "గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసే మనిషక్కా ఆయన. సినిమాకని బయల్దేరి సందు చివరిదాకా వెళ్ళి, తాళం లాగి చూడ్డానికి వెనక్కొచ్చే మనిషి. ఆయన పుణ్యమా అని ఒక్క సినిమాకీ మొదలు చూళ్ళేదు నేను. అలాంటి మనిషి కొక్కెం తగిలించుకోరా?"

"రాస్తారు అలాగే. వాళ్ళ భాష అది."

"ఇంకేమైనా రాసుకోనీ. ఈ రెండు మాటలు మాత్రం ఉండకూడదు. ఆయన వచ్చి కాదని చెప్పుకోలేరు కదా. నువ్వు కాగితాల్లో పుట్టి పెరిగినదానివి, ఎలాగైనా తీయించు. నాకింకేమీ వద్దు."

నిజంగానే ఇంకేమీ అడగలేదు మా చెల్లి. మనిషి ఎలాగూ పోయాడు, మంచి పేరు కూడా పోకూడదని ఆవిడ పట్టు. నేను సరేనన్నాను. ఎలా తీయించాలో మాత్రం ఆలోచించే ధైర్యం చెయ్యలేదు. పట్టిక ప్రకారం అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా మనసు పక్కకి తప్పుకునేది.

తర్వాతి వారం మరిది సామాను సంచీ మా ఆఫీసుకి వచ్చింది. పోయినవాళ్ళ సామానుకి జాబితా రాసి ఇంటివాళ్ళకి అప్పగించడం నా పనే. వేరేవాళ్ళు రాస్తామన్నారు. వద్దన్నాను. బట్టలు, గడ్డం గీసుకునే సామాను, చెల్లి ఇచ్చిన చలవ కళ్ళద్దాలు, సర్వీసు పుస్తకం, సర్టిఫికెట్ల ఫైలు. అన్ని సర్టిఫికెట్లూ గడువు తేదీల వరసలో పెట్టుకున్నాడు. ఆఖరి కవరులో ఆ నెల విశ్రాంతి పట్టిక, అతని కాపీ.

విచారణకి కెప్టెను పంపిన నకలు పంతొమ్మిదో వరస దాకానే ఉంది. కింది భాగానికి తెల్ల కాగితం అడ్డం పెట్టి తీశాడు. నా చేతిలో ఉన్నది ముప్పై వరసల పట్టిక.

ఇరవయ్యో తారీఖున మా మరిది పధ్నాలుగు గంటలు పనిచేసి పది గంటలు విశ్రాంతి తీసుకున్నాడు. ఇరవై ఒకటిన కూడా అంతే. ఇరవై రెండున అతనున్న పెట్టెని విమానంలోంచి దించాం, ఆ రోజు ఆరు గంటలు ఏకబిగిన నిద్రపోయాడు. ఇరవై మూడున అంత్యక్రియలు. బెంచీ మేటు కాగితం వచ్చింది కూడా ఆ రోజే. ఆ రోజు ఖాళీ గడులు ఇరవై ఒకటి. అలా ముప్పయ్యో తారీఖు దాకా ఒక్క గడి కూడా చట్టం తప్పలేదు. కింద అతని సంతకం, పక్కన కెప్టెను సంతకం, రెండూ ఒకటో తారీఖువే.

ఆ పట్టిక అతని చేతిరాతలో ఉందే కానీ నాది. గడి గడీ నాదే.

మేనేజరు గారు వచ్చి నా చేతిలోది చూశారు. తలుపు దగ్గరికి వేశారు.

"ఇది జాబితాలో రాయక్కర్లేదమ్మా. ఇంట్లోవాళ్ళకి ఏం పనికొస్తుంది?"

"పనికొస్తుంది సార్. ఇది అబద్ధమని దీన్ని చూస్తే పసిపిల్లలకి కూడా తెలుస్తుంది."

"తెలిస్తే? అర్జీ మీద సంతకం నీది. నమూనా పంపింది నువ్వు. రేపు కంపెనీ చేతులు దులుపుకుంటుంది, నేనూ దులుపుకుంటాను, అబద్ధమెందుకు. మిగిలేది నువ్వే. ఎంత చేసినా మీ మరిది తిరిగి రాడు."

చెడ్డమనిషి కాదాయన. ఉన్నమాటే చెప్పారు. అందుకే నాకు ఒళ్ళు మండింది. ఆయన చూస్తుండగానే జాబితాలో పదమూడో నంబరు వేసి రాశాను, "విశ్రాంతి పట్టిక, ఒకటి, ముప్పై రోజులది" అని.

అంత రోషంగా రాసినదాన్ని, చెల్లికి చెప్పడానికి మాత్రం మూడు రోజులు నీళ్ళు నమిలాను. నాలుగో రోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు వెళ్ళి పట్టికని అద్దాల బల్ల మీద పరిచాను. గడులంటే ఏమిటో, నలుపంటే ఏమిటో, ఖాళీ అంటే ఏమిటో చెప్పాను. ఇరవయ్యో వరస దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఇదెవరు రాశారు? అప్పటికి ఆయన..."

"అతనే. ఒకటో తారీఖునే నెలంతా నింపేస్తారు. అందరూ అంతే. నేనే నేర్పాను. మా వంటింట్లో కూర్చోబెట్టి. ఒక మేటు తక్కువైనా పర్వాలేదని అర్జీ పెట్టిందీ నేనే. మనిషిని పంపమని రెండుసార్లు అడిగాడు నన్ను."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. చెల్లి ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, చదవడం రానివాళ్ళు చూసినట్టు చూస్తూ ఉండిపోయింది. బయట ఎవరో వచ్చి తలుపు తోసి, మా ఇద్దరి మొహాలూ చూసి వెళ్ళిపోయారు.

"ఇది ఇస్తే ఆ రెండు మాటలూ తీసేస్తారా?" అంది.

"తీసేస్తారనుకుంటా."

"అయితే ఇవ్వు."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. ఆ మర్నాటి నుంచి నేను వెళ్తే మంచినీళ్ళిచ్చేది, అన్నం తిన్నావా అని అడిగేది, నా మొహం వైపు మాత్రం చూసేది కాదు. చిన్నప్పుడు నా జడ పట్టుకుని నిద్రపోయే పిల్ల అది.

పట్టిక అబద్ధమని తేలితే సరిపోదు, నిజం ఎంతో కూడా చెప్పాలి. అది ఎవరికి తెలుసని ఆలోచిస్తుండగా ఆ ఓడ వంటాయన తన సర్టిఫికెట్టు గడువు పెంచుకోవడానికి ఆఫీసుకి వచ్చాడు. ఎవరెప్పుడు పడుకున్నారో కెప్టెనుకి పట్టకపోవచ్చు, వంటాయనకి తెలియకుండా ఉండదు.

"నా గది ఆయన గదికి ఎదురే కదమ్మా," అన్నాడు. "తలుపు ఎప్పుడు వేశారో, ఎప్పుడు తీశారో నాకు తెలుస్తుంది. అన్నం ప్లేటు మూత పెట్టి ఉంచితే చాలాసార్లు అలాగే ఉండిపోయేది. పద్దెనిమిదో తారీఖున టీలో చక్కెర బదులు ఉప్పు వేసిచ్చాను, నా బుద్ధి గడ్డితిని. గడగడా తాగేసి బాగుందన్నారు. అప్పుడే తెలిసింది నాకు, ఈయన మెలకువలో లేరని. వెళ్ళి కెప్టెను గారికి చెప్పాను. ఆయన కళ్ళూ చింతనిప్పుల్లాగే ఉన్నాయి. ఏం చెయ్యమంటావని నన్నే అడిగారు."

"ఇది విచారణలో చెప్తారా?"

ఆయన సర్టిఫికెట్టుని రెండు వేళ్ళతో రుద్దుతూ కూర్చున్నాడు. "చెప్తే నాకు మళ్ళీ ఓడ దొరుకుతుందా అమ్మా?"

"నేను హామీ ఇవ్వలేను. నా కుర్చీయే ఉండేలా లేదు."

"ఉప్పు టీ తాగి బాగుందన్నారమ్మా," అన్నాడు మళ్ళీ. సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని, "రాసుకోండి," అన్నాడు.

ఖాళీ పట్టిక ఒకటి తీశాను. ఇరవై రెండేళ్ళలో నిజం రాయడానికి ఆ కాగితం తీయడం అదే మొదటిసారి. పదిహేను నుంచి పద్దెనిమిది దాకా నాలుగు రోజులు. ఆయన గుర్తు చేసుకుని చెప్తుంటే నేను గడులు నింపాను. నలుపు వేసీ వేసీ పెన్ను అయిపోతే ఇంకోటి తెచ్చుకున్నాను. కూడితే నాలుగు రోజులకీ కలిపి నిద్ర పధ్నాలుగు గంటలు. ఒక్కసారి కూడా మూడు గంటలు ఏకబిగిన లేదు. అతని సొంత పట్టికలో ఆ నాలుగు రోజులకీ నలభై గంటలుంది.

విచారణాధికారి రిటైరైన కెప్టెను. తల పండిన మనిషి. మరిది పట్టిక చూస్తూ ఇరవయ్యో వరస దగ్గర కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇలా నింపడం ఆయనకి ఎవరు నేర్పారు?"

"నేనే సార్."

"ఆయన మీకేమవుతారు?"

"మరిది."

గుమాస్తాని రాయడం ఆపమని చేత్తో సైగ చేశారు. "నేనూ ముప్పై ఏళ్ళు ఇలాగే నింపానమ్మా," అన్నారు మెల్లగా. తర్వాత గుమాస్తాని రాయమన్నారు. వంటాయన ఉప్పు టీ సంగతి చెప్తున్నప్పుడు చెల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. ఓడ కెప్టెను తల ఎత్తలేదు, దేనికీ ఎదురు చెప్పలేదు. అతని మీదా నాకు కోపం లేదు. అతనూ ఆరు గంటలకొకసారి లేచినవాడే.

ఆ వారంలోనే నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. కారణం కాగితం మీద చక్కగా రాసిచ్చారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

రెండు నెలలకి తుది నివేదిక వచ్చింది. పోస్టులో నా పేరుకే వచ్చింది. కవరు చింపకుండా షాపుకి తీసుకెళ్ళాను. చెల్లే చింపింది, నిలబడే చదివింది. "మృతుడి సొంత అజాగ్రత్త" ఎక్కడా లేదు. "సిబ్బంది కొరత వల్ల కలిగిన తీవ్రమైన నిద్రలేమి" అని ఉంది. పట్టికలు ముందుగా నింపించినందుకు మా ఆఫీసు పేరు, నా హోదా ఉన్నాయి. అవి పైకే చదివింది, గొంతు మారకుండా.

"తీసేశారు," అంది. కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. రెండు నెలల తర్వాత మొదటిసారి నా మొహం చూసింది. "తీసేశారక్కా."

నాకు ఆ ఒక్క చూపు చాలనిపించింది. అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేదో. నివేదిక వెనక వంటాయన చెప్పిన పట్టిక కూడా కుట్టారు. చెల్లి పేజీలు తిప్పుతూ దాని దగ్గర ఆగింది. ఇప్పుడా గడులు ఆవిడకి చదవడం వచ్చు. వేలు పెట్టి ఒక్కో వరసా చూస్తోంది.

"ఈ ఒంటిగంట నుంచి రెండు దాకా ఖాళీగా ఉన్నవి? నాలుగు రోజులూ ఉన్నాయి."

"నిద్ర. భోజనం ప్లేటు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడట. రెండింటికి బయటికొచ్చేవాడట. వంటాయన చూశాడు."

చెల్లి సొరుగులోంచి ఫోన్ తీసింది. పైకి జరుపుతూ జరుపుతూ ఆ నెల దాకా వెళ్ళింది. తర్వాత ఫోన్ నా ముందు పెట్టింది. పదిహేను, ఒంటిగంటా రెండు నిమిషాలకి, యాభై ఆరు నిమిషాలు. పదహారు, ఒంటిగంటా ఒక నిమిషానికి, యాభై ఏడు. పదిహేడు, పద్దెనిమిది కూడా అలాగే ఉన్నాయి.

"నాతో మాట్లాడారక్కా," అంది.

నేను ఫోన్‌ని పట్టిక పక్కన పెట్టి ఒక్కో తారీఖూ సరిచూశాను.

"ఒడ్డు దగ్గరుంటే మధ్యాహ్నం ఆయనే చేసేవారు. ఒకటే ఆవలింతలు. 'ఏం, నా మాటలంటే అంత విసుగొచ్చేసిందా' అని దెప్పేదాన్ని. 'లేదు లేదు, చెప్పు, వింటున్నా' అనేవారు. నేనేం చెప్పానో తెలుసా? కర్టెన్లు. ముందు గదికి నీలం వెయ్యాలా, ఆకుపచ్చ వెయ్యాలా అని. నాలుగు రోజులూ అదే పురాణం. ఒక్కసారైనా పడుకోండి అనలేదు."

"నీకేం తెలుసే? నీకు తెలియదు. తెలిసినదాన్ని నేను. తప్పు నాది."

"తప్పెవరిదని అడగట్లేదు నేను. లెక్క పధ్నాలుగు కాదు. పది."

"ఎవరికి తెలుస్తుందే అది? మనం కోరుకున్న రెండు మాటలూ పోయాయి. ఇప్పుడు దాన్ని కదిపితే ఏమొస్తుంది? కాగితం శుభ్రంగా ఉంది, వదిలెయ్యి."

"మళ్ళీ మొదలెట్టావా?" అంది చెల్లి.

ఆవిడ నన్ను అన్న కఠినమైన మాట మొత్తానికి అదొక్కటే. తల దించుకున్నాను. ఆవిడ కళ్ళ పరీక్ష చీటీలు రాసే ప్యాడు తీసి, ఒక కాగితం చింపి, పెన్నుతో సహా నా వైపు జరిపింది. "నువ్వే రాయి. ఎలా రాయాలో నీకు తెలుసుగా."

రాశాను. విచారణాధికారి గారికి. నివేదికకి జతచేసిన పట్టికలో పదిహేను నుంచి పద్దెనిమిదో తారీఖు వరకు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు గంటల వరకు మృతుడు నిద్రించినట్టు ఉంది. అది సరికాదు. ఆ సమయంలో ఆయన భార్యతో ఫోన్లో మాట్లాడుతున్నారు. కావున ఆ నాలుగు గంటలను నిద్ర కింద లెక్కించవద్దని, మొత్తం పది గంటలుగా సరిచేయాలని కోరుతున్నాను. ఫోన్ వివరాలు జతచేస్తున్నాను.

చెల్లి చదువుకుంది. కాగితం తన వైపు తిప్పుకుని, సంతకం పెట్టబోయి ఆగింది. నేను రాసినదాని కింద తన చేత్తో ఒక వాక్యం కలిపింది.

"ఆ నాలుగు గంటలూ ఆయన మెలకువగానే ఉండి నేను చెప్పిందంతా విన్నారు."

ఆ తర్వాత సంతకం పెట్టింది.